పట్టుకుంటామంటేనే లేస్తా

మా కాలేజీ కబడ్డీ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ పిలుపు వచ్చినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు వలుస్తున్నాను. "పూర్వ క్రీడాకారుల ఆత్మీయ సమ్మేళనం. అందరూ సతీసమేతంగా విచ్చేయగలరు" అని రాశారు. కింద దండాలు పెట్టే బొమ్మలు. గుడ్డు పక్కన పెట్టి మళ్లీ చదివాను. ఆ గ్రూపులో నేనున్నాను. చర్ల దగ్గర మిరప తోట చేసుకునే నా స్నేహితురాలు ఉంది. మేమిద్దరం ఆడవాళ్ల జట్టులో ఆడినవాళ్లం. మేం ఎవరి సతిని వెంటబెట్టుకుని రావాలో రాసినవాడు ఆలోచించినట్టు లేదు. నాకు నోరు మూసుకోవడం పుట్టుకతోనే రాదు. "నేను పతీసమేతంగా వస్తున్నా" అని టైపు చేసి పంపాను. నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. పొరపాటైందని ఒక్కరూ అనలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నాకు సన్మానాల మీద మోజు లేదు. పాత ముచ్చట్లు చెప్పుకుని కళ్లు తుడుచుకోవాలనీ లేదు. నేను వెళ్లాలనుకున్నది ఒకే పనికి. ఒక్కసారి మా ఆయన చూస్తుండగా కూతకు వెళ్లాలి. మధ్యగీత దాటి అవతలి కోర్టులోకి ఒంటరిగా, ఊపిరి బిగబట్టి, అందరూ పట్టుకోవడానికి వస్తుంటే వెళ్లాలి.

మా పెళ్లి నా చదువయ్యాక జరిగింది. ఆయనది ఇల్లందులో బొగ్గు బాయి పని. టేకులపల్లి దగ్గర మా ఊరి నుంచి రోజూ బండి మీద పోయి వస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ నేను ఆటగత్తెనని ఆయనకు తెలుసు. కానీ తెలియడం వేరు, చూడటం వేరు. నా చేతిలో బిందె జారితే "కబడ్డీ ప్లేయర్ నంటివి, బిందె పట్టరాదా" అంటాడు. కోడిని పట్టబోయి వదిలేస్తే మళ్లీ అదే మాట. పిల్లలూ ఆ మాట నేర్చుకున్నారు. ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ నా ఆటను ఒక ఎగతాళి మాటగా వాడుకున్నారు. నేనూ నవ్వేదాన్ని, కానీ లోపల మండేది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదని ఆ పిలుపు చదివినప్పుడే తెలిసింది.

నేను గ్రూపులో మళ్లీ అడిగాను, ఆడవాళ్లకు ఆట ఉంటుందా అని. మగవాళ్ల జట్టుకు అప్పట్లో కెప్టెన్‌గా ఉండి, ఇప్పుడు భద్రాచలంలో కాంట్రాక్టులు చేస్తున్నవాడు జవాబిచ్చాడు. "ఎందుకుండదు చెల్లె, తప్పకుంట ఉంటది, రండి" అన్నాడు. ఆ మాట నమ్మి నేను పొయ్యి దగ్గర కూత సాధన మొదలుపెట్టాను. అన్నం వార్చేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు, ఒకే ఊపిరిలో ఎంతసేపు కబడ్డీ కబడ్డీ అనగలనో చూసుకునేదాన్ని. మొదట్లో పాలు పొంగేలోపే ఊపిరి తెగేది.

"మంత్రం గిట్ల నేర్చుకుంటున్నవా ఏంది?" అన్నాడు మా ఆయన.

"నువ్వు గూడ వస్తున్నవ్. సెలవు పెట్టు."

"నేనెందుకే? నేనేమన్న ఆడిన్నా?"

"చూడనీకి రా" అన్నాను. ఆయన గొణిగాడు గానీ సెలవు పెట్టాడు.

ఆ రోజు పొద్దున్నే కొత్తగూడెం దాకా బండి మీద పోయి, దాన్ని స్టాండులో పెట్టి, భద్రాచలం బస్సెక్కాం. చీర కింద ట్రాక్ ప్యాంటు వేసుకున్నాను. సంచిలో టీషర్టు పెట్టుకున్నాను. ఎండలు ముదురుతున్న రోజులు. పాల్వంచ దాటాక కిటికీలోంచి ఇప్పపూల వాసన వస్తుంటే మా ఆయన నిద్రపోయాడు. నేను నోట్లో నోట్లో కూత పెట్టుకుంటూ కూర్చున్నాను. పక్క సీటు ముసలమ్మ నేను రామజపం చేస్తున్నాననుకుని కాళ్లు ముడుచుకుని ఒద్దికగా కూర్చుంది.

కాలేజీ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద మగవాళ్ల జట్టు ఫొటో ఉంది, మాది లేదు. నా స్నేహితురాలు అప్పటికే వచ్చి ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే "చూసినవా, మనం పుట్టనే లేదంట" అంది.

గేటు లోపల బల్ల వేసి, నిర్వాహకుల భార్యలు పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. నాకు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క, అరటిపళ్లు చేతిలో పెట్టారు. మా ఆయన చొక్కాకు 'పూర్వ క్రీడాకారుడు' అనే బ్యాడ్జి గుచ్చారు. మా వైపు సన్మానమంటే ఇదే పద్ధతి. మగవాడు ఘనుడు, పక్కన వచ్చినామె ముత్తయిదువ. వాళ్లు కావాలని చేసిందేం కాదు. చేతులు అలవాటు పడిపోయాయి.

"అమ్మా, ఆడింది నేను. ఈయన కాదు" అన్నాను.

"అట్లనా అక్కా. లోపలికి పోండ్రి, జల్దీ, టిఫిన్ అయిపోతది" అంది పళ్లెం పట్టుకున్నావిడ. వెనక ఇంకో జంట వచ్చింది. ఆమెకూ బొట్టు, ఆయనకూ బ్యాడ్జి.

మా ఆయన ఆ బ్యాడ్జి తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. వేలితో సవరించుకుని, "ఉండనియ్యే, ఫ్రీగ ఇచ్చిండ్రు" అన్నాడు. ఆయన తిక్క ఆయనది.

దాని ఫలితం స్టేజీ మీద తెలిసింది. దంపతులను జంటలు జంటలుగా పిలిచారు. మా వంతు వచ్చేసరికి శాలువా నేరుగా మా ఆయన భుజాల మీదికి వెళ్లింది. నాకు ఒక పువ్వు ఇచ్చారు. మైకు పట్టుకున్నవాడు, "సార్, మీరు ఏ పొజిషన్ల ఆడేటోళ్లు?" అని అడిగాడు.

"నేను ఆడలే సార్. బాయిల బొగ్గు ఎత్తుత. ఆడింది ఈమె" అన్నాడు మా ఆయన.

హాలంతా గొల్లుమంది. భార్యను మెచ్చుకోవడానికి చమత్కారంగా అన్నాడనుకున్నారు. నిజం చెప్పినా జోకైపోయే చోటని ఆయన శాలువా సర్దుకుని దిగివచ్చాడు. మాకు కబడ్డీ నేర్పిన పీడీ సారు మాత్రం నవ్వలేదు. ముందు వరసలో కర్ర ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది. దగ్గరికి వెళ్లి కాళ్లకు దండం పెడితే నా మణికట్టు పట్టుకుని తడిమి చూసి, "సన్నబడ్డవ్" అన్నాడు. నేను ఎక్కడా సన్నబడలేదు. ఆయనకు పిల్లలందరూ సన్నబడినట్టే ఉంటారు.

మా ఆడవాళ్ల జట్టు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, ఫ్లెక్సీ మీద లేదు కాబట్టి. మాలో ఎక్కువమందిమి అడవి ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లం. కాలేజీ బూట్లిస్తే కాళ్లు బొబ్బలెక్కాయి. విప్పి గట్టు మీద వరసగా పెట్టి ఉత్త కాళ్లతో ఆడాం. మాకు ఒక ఆయుధం ఉండేది. ఆటలో మాటలన్నీ కోయ భాషలో అరుచుకునేవాళ్లం. కూతకు వెళ్లిన పిల్లకు వెనక ఏం జరుగుతుందో కనపడదు కదా. ఎవరు చుట్టుముడుతున్నారు, ఏ పక్క ఖాళీ ఉంది, ఇవన్నీ గీత ఇవతల నుంచి మేం చెప్పేవాళ్లం. వరంగల్ పిల్లలకు, ఖమ్మం పిల్లలకు ముక్క అర్థమయ్యేది కాదు. ఒకసారి ఒక రిఫరీ మేం తిట్లు తిడుతున్నామనుకుని కెప్టెన్‌ను పిలిచి హెచ్చరించాడు కూడా. మేం గెలిచిన ఆటలు సగం ఆ అరుపులతోనే గెలిచాం. దానికి ఒక కట్టుబాటు ఉండేది. అరుపు వినగానే కాళ్లు అటు కదలాలి. నిజమా కాదా అని ఆలోచించకూడదు.

భోజనాలయ్యాక మగవాళ్లు నిక్కర్లు వేసుకుని మైదానంలోకి దిగారు. బొజ్జల మీద నంబర్లు సాగి, తొమ్మిది ఎనిమిదిలా కనబడుతోంది. సున్నంతో గీతలు కొత్తగా వేశారు. అప్పుడు మైకులో వినబడింది. "మన సోదరీమణులందరికీ షామియానా కింద మ్యూజికల్ చైర్స్."

నేను, నా స్నేహితురాలు తిన్నగా ఆ కెప్టెన్ దగ్గరికి వెళ్లాం. మా ఆయన వెనక వచ్చాడు.

"అన్నా, మా ఆట ఏది?"

"మీరు ఇద్దరే వచ్చిండ్రు గద చెల్లె. టీం ఎట్లయితది? మ్యూజికల్ చైర్స్‌కు ప్రైజులు మంచియున్నయి. కుక్కర్ ఉన్నది" అన్నాడు.

"కుక్కర్ మా ఇంట్ల ఉన్నది. నాకు ఒక్క కూత ఇయ్యి."

"ఈ వయసుల పడితే కాలో చెయ్యో ఇరుగుతది. రేపు బావ మమ్ముల అడగడా?" అని మా ఆయన వైపు చూశాడు.

మా ఆయన నెమ్మదిగా, "అవ్, మోకాలు నొస్తది గదనే నీకు. వద్దులే. చూసి పోదాం" అన్నాడు.

నాకు అక్కడే ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు. కెప్టెన్ అన్నదానికి నాకు లెక్కలేదు. మా ఆయన నలుగురిలో నా మోకాలి సంగతి ఎత్తడం, అదీ నా మేలు కోరే గొంతుతో ఎత్తడం, అది గుచ్చుకుంది. ఆ ఒక్క మాటతో అక్కడున్న మగవాళ్లందరికీ నా మీద జాలిపడే వీలు దొరికింది. ఎవరి కోసం పొయ్యి ముందు ఊపిరి బిగబట్టానో ఆ మనిషే ఇంటికి పోదామంటున్నాడు.

"నువ్వు చూడనీకి వచ్చినవ్. కూసోని చూడు" అన్నాను ఆయనతో.

ఒక తరగతి గదిలోకి వెళ్లి చీర విప్పి టీషర్టు వేసుకుని, చెప్పులు గడప దగ్గర వదిలి, మైదానంలోకి నడిచాను. షామియానా కింద పాట ఆగింది. కుర్చీల చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లు కూడా ఇటే చూశారు. నేను మధ్యగీత దగ్గర నిలబడ్డాను. మగవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "సరే సరే, అక్క ముచ్చట తీర్చుండ్రి" అని ఎవరో అన్నారు. అవతలి కోర్టులో ఏడుగురు నిలబడ్డారు. నేను గీత తొక్కి కూత మొదలుపెట్టాను.

ఒక్కడు కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను మొదటివాణ్ణి తాకితే నవ్వుతూ పక్కకు జరిగాడు. రెండోవాడు తనే భుజం ముందుకు పెట్టాడు. కెప్టెన్ అయితే దండం పెట్టాడు. అందర్నీ తాకి నడుచుకుంటూ ఇవతలికి వచ్చాను. షామియానా కింద చప్పట్లు. దేవుడి గుళ్లో ప్రదక్షిణ చేసి వచ్చినట్టుంది గానీ కబడ్డీ ఆడినట్టు లేదు. ఒళ్లు భగ్గుమంది. ఓడిపోతే అంత అవమానం ఉండదు. నన్ను ఓడించడానికి కూడా పనికిరానిదాన్ని చేశారు.

"అయిపోయింది గద, ఇగ రా చెల్లె" అన్నాడు కెప్టెన్.

నేను అక్కడే మధ్యగీత మీద కూర్చున్నాను. మఠం వేసుకుని, సున్నం అంటినా సరే అని, సరిగ్గా నడుమ కూర్చున్నాను. మా ఏజెన్సీలో పుట్టినవాళ్లకు ధర్నా ఎలా చేయాలో ఒకరు నేర్పక్కర్లేదు.

"ఏందిది? మా మ్యాచ్ ఉన్నది" అన్నారు.

"ఉండనియ్యి. పట్టుకుంటమంటేనే లేస్త."

"ఆడమనిషిని ఎట్ల పట్టుకుంటం? బావ ముందట?"

"కోర్టుల ఆడమనిషి ఉండదన్నా. కూతకు వచ్చినోళ్లు ఉంటరు, పట్టేటోళ్లు ఉంటరు. మీకు పట్టుడు రాకపోతే చెప్పుండ్రి, లేస్త."

కెప్టెన్‌కు ఆ చివరి మాట తగిలింది. ముఖం ఎర్రబడింది. అయినా నాతో మాట్లాడకుండా గట్టు మీదికి చూసి, "బావా, నువ్వేమంటవ్?" అని అడిగాడు.

"ఆయన్ని అడుగుడేంది? ఆయన ఈ కాలేజీల చదవలే" అన్నాను.

మా ఆయన శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, "లేపుడు నాతోని గాదు. ఇంట్ల గూడ గిట్లనే కూసుంటది" అన్నాడు. ఈసారి అందరూ నవ్వింది నిజంగా నవ్వాల్సిన దానికే. పీడీ సారు కుర్చీలోంచే కర్ర నేల మీద కొట్టాడు. "ఆ పిల్ల లేవదురా. నాకెరుక. ఆడుండ్రి" అని, పక్కనున్నవాడి మెడలోంచి విజిల్ లాక్కున్నాడు. ఈ వయసులో నన్ను పిల్ల అన్నవాడు ఆయనొక్కడే.

లేచి దుమ్ము దులుపుకున్నాను. విజిల్ మోగింది.

ఈసారి గీత దాటగానే తెలిసింది తేడా. వాళ్ల మోకాళ్లు వంగాయి. చేతులు చేతులు పట్టుకుని గొలుసు కట్టారు. కెప్టెన్ కార్నర్‌లో వంగి నా ముఖం చూడకుండా కాళ్లే చూస్తున్నాడు. పట్టేవాడు అలాగే చూడాలి. ఆ చూపు చూడగానే నా ఒంట్లోకి పాత ప్రాణం వచ్చింది. మోకాలు నొప్పి ఉందో లేదో గుర్తులేదు. ఒక కాలు ముందుకు వేసి చటుక్కున వెనక్కి లాగాను. గొలుసు చెదిరింది. వంగి ఒకడి మోచేయి తాకాను. వాడు నిజంగానే తప్పించుకోబోయాడు, నిజంగానే దొరికాడు. ఇక గీత చేరాలి. వెనక ఎవరున్నారో కనపడలేదు. అప్పుడు గీత ఇవతల నుంచి నా స్నేహితురాలు కోయ భాషలో గొంతు చించుకుని అరిచింది, కుడి పక్క ఖాళీ అని.

కాళ్లు అటు తిరిగిపోయాయి. మేమిద్దరం మరిచిపోయింది ఒక్కటే. అవతల ఉన్నది వరంగల్ పిల్లలు కాదు. కెప్టెన్ పుట్టి పెరిగింది దుమ్ముగూడెం దగ్గర, నా స్నేహితురాలి పుట్టినూరికి పక్క ఊళ్లో. ఆ భాష అతనికీ వచ్చు. నాకంటే ముందే కుడి పక్కకు చేరి చీలమండ పట్టేశాడు. ఇంకొకడు నడుం మీద పడ్డాడు. నేల మీద పడి, నోట్లోకి దుమ్ము పోతున్నా కూత ఆపకుండా, చెయ్యి చాచి గీత కోసం పాకాను. జానెడు దూరంలో ఊపిరి తెగింది.

"అవుట్" అన్నాడు పీడీ సారు, కూత ఆగడం వినగానే చెయ్యెత్తి. ఆ చెయ్యి ఎవరినీ బుజ్జగించదు. మమ్మల్ని ఆడించిన రోజుల్లోనూ అంతే.

నా జన్మలో గెలిచిన కప్పులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి. ఆ అవుట్‌కు కలిగినంత సంతోషం వాటికి కలగలేదు. అరచేయి గీరుకుని రక్తం వచ్చింది. కెప్టెన్ నా చీలమండ వదిలి రొప్పుతూ, "ఇగ రానియ్యను నిన్ను. చచ్చిన" అన్నాడు. చెల్లె అనలేదు. నా స్నేహితురాలు తను చేసిన పనికి నెత్తి పట్టుకుని, "వానికి మన మాట వస్తదన్న సంగతే యాది లేదే" అని నవ్వుతూ కూలబడింది. తర్వాత తనూ ఒక కూతకు వెళ్లింది. ఆమెనూ పట్టుకున్నారు, ఎవరి అనుమతీ అడగకుండానే.

సాయంత్రం బస్సులో మా ఆయన శాలువా సంచిలో కుక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. గోదావరి వంతెన దాటాం. నేను అరచేతి మీద నీళ్లు పోసుకుని తుడుచుకుంటున్నాను. మోకాలు గురించి అంటాడేమోనని సిద్ధంగా ఉన్నాను. అంటే ఏం జవాబివ్వాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

"ఒకటి అడుగుత, కోపం చెయ్యకు" అన్నాడు.

"అడుగు."

"ఆమె కుడి పక్క అని అరవంగనే ఆయన అటు ఉరికిండు. ఎడమ పక్క ఒక్కడు గూడ లేకుండె. నువ్వు గూడ కుడికే ఎందుకు పోయినవ్?"

"మా టీంల గట్లనే. అరుపు ఇనపడ్డంక ఆలోచించేది లేదు. ఇయ్యాల ఇనకపోతే రేపు చెప్పేటోళ్లు ఎవరు?"

"గందుకే దొరికినవ్. తల తిప్పి చూస్తే దక్కుతుండె. మస్తు ఖాళీ ఉండె."

"తల తిప్పితే ఊపిరి పోతది. నీకేం తెలుసయ్యా కబడ్డీ గురించి?"

"ఇయ్యాల చూసిన గద" అన్నాడు.

కూరలో ఉప్పు తక్కువైందని, తలుపు గడియ పెట్టలేదని, ఇన్నేళ్ల కాపురంలో నాలో ఆయన పట్టని తప్పు లేదు. ఆటలో తప్పు పట్టడం ఇదే మొదటిసారి. ఊరుకుంటానా? ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నా ఆపకుండా, కొత్తగూడెం బస్టాండు వచ్చేదాకా ఆయనతో కొట్లాడుతూనే ఉన్నాను.